ఆమ్లాల బలాబలాలు

పాత తెలుగు సైన్సు పుస్తకాలు తిరగేస్తే ఆక్సిజన్‌కి రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ప్రాణవాయువు, రెండోది ఆమ్లజని. మొదటి పేరు ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం. ఇది మనవాళ్ళు సొంతంగా అల్లిన మాట కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోసియే రెండు గ్రీకు మాటలు అతికి చేసిన ఆక్సిజన్ అనే పేరుకి అచ్చమైన అనువాదం. జర్మన్లు కూడా అదే పని చేసి, తమ భాషలో పులుపు పదార్థం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే ఈ పేర్లకి ఆధారమైన సిద్ధాంతం ముప్పై అయిదేళ్ళు తిరక్కుండానే కూలిపోయింది. పేర్లు మాత్రం నిలిచిపోయాయి.

ఆ సిద్ధాంతం ఎందుకు కూలింది, దాని స్థానంలోకి ఏది వచ్చింది, ఒక ఆమ్లం బలమైనదీ ఇంకొకటి బలహీనమైనదీ ఎందుకవుతాయి అన్నవి ఈ వ్యాసంలో చెప్పబోయే సంగతులు. రాస్తున్నది వైద్యుడు కనుక కథ చివరికి ఆస్పత్రిలోకి వెళ్ళక తప్పదు. పాఠకులు మన్నించాలి.

ఆమ్లాన్ని మొదట గుర్తు పట్టింది నాలుక. మన ఆమ్లం అన్న మాటకీ, లాటిన్ నుంచి వచ్చిన యాసిడ్ అన్న మాటకీ అర్థం పులుపే. క్షారాన్ని గుర్తు పట్టింది చెయ్యి. బూడిద నీళ్ళు, చౌడు, సున్నం చేతికి జారుడుగా తగులుతాయి. రంగులతో గుర్తు పట్టడం తరవాత వచ్చింది. 1664లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ నీలిరంగు వయొలెట్ పువ్వుల పానకం ఆమ్లం తగిలితే ఎర్రబడుతుందనీ, క్షారం తగిలితే పచ్చబడుతుందనీ రాశాడు. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే మన ఆడవాళ్ళకి ఈ రహస్యం సిద్ధాంతంతో పని లేకుండానే తెలుసు.

లవోసియే వాదన చాలా సబబుగానే కనిపించింది. గంధకాన్ని కాల్చి వచ్చిన వాయువుని నీళ్ళలో కలిపితే ఆమ్లం. భాస్వరాన్ని కాల్చినా ఆమ్లం. బొగ్గుని కాల్చినా ఒక చిన్నపాటి ఆమ్లం. కాలడం అంటే ఆక్సిజన్‌తో కలవడమే కాబట్టి పులుపుకి మూలం ఆక్సిజనే అని 1777 ప్రాంతంలో ఆయన తేల్చాడు. ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో, అంటే ఇప్పుడు మనం హైడ్రోక్లోరిక్ అనే దానిలో, ఆక్సిజన్ ఇంకా కనబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందిలే అనుకున్నారు.

అది దొరకలేదు. హంఫ్రీ డేవీ ఆ సిద్ధాంతాన్ని రెండువైపుల నుంచీ కొట్టాడు. 1807లో పొటాష్, కాస్టిక్ సోడాల గుండా విద్యుత్తు పంపి పొటాసియం, సోడియం లోహాలను విడదీశాడు. అంటే ఆమ్లానికి పూర్తిగా విరోధులైన క్షారాలలో కూడా ఆక్సిజన్ ఉందన్నమాట. 1810లో, ఉప్పు ఆమ్లం నుంచి వచ్చే ఆకుపచ్చ వాయువుని తెల్లగా కాలే బొగ్గుతో ఎంత వేధించినా ఆక్సిజన్ రాకపోవడంతో అది మూలకమేనని ప్రకటించి, దాని రంగుని బట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు. ఉప్పు ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ రెండే. 1838లో జర్మనీలో లీబిగ్ అసలు మాట చెప్పాడు: లోహం వచ్చి తోసెయ్యగల హైడ్రోజన్ ఉన్న పదార్థమే ఆమ్లం.

ఇంతవరకు బాగానే ఉంది. కాని లీబిగ్ మాట ఆమ్లమేదో చెబుతుంది, దాని బలమెంతో చెప్పదు. ఒక గ్లాసులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇంకో గ్లాసులో వినిగర్‌లో ఉండే ఎసెటిక్ ఆమ్లం తీసుకోండి. రెండింటిలోనూ తోసెయ్యగల హైడ్రోజన్ సరిసమానంగా ఉండేట్టు నీళ్ళు కలపండి. రెండింటినీ విరిచెయ్యడానికి సరిగ్గా ఒకే కొలత క్షారం పడుతుంది. అయినా జింకు ముక్క వేస్తే మొదటి దానిలో బుసబుసా పొంగుతుంది, రెండో దానిలో నెమ్మదిగా నాలుగు బుడగలు వస్తాయి. ఆస్తి సమానమే, ఖర్చు పెట్టే తీరులో ఎందుకింత తేడా?

జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో స్వాంటే అర్హీనియస్ అనే పాతికేళ్ళ కుర్రవాడు, ఉప్పులూ ఆమ్లాలూ కలిసిన నీళ్ళలో విద్యుత్తు ఎలా పారుతుంది అన్న విషయం మీద డాక్టరేటు వ్యాసం సమర్పించాడు. నీళ్ళలో కరిగిన పదార్థం విద్యుత్తుతో పని లేకుండా ముందే ఆవేశం గల ముక్కలుగా, అంటే అయానులుగా, విడిపోయి ఉంటుందన్న ఆలోచనకి బీజం అందులో ఉంది. దాన్నే 1887లో పూర్తి సిద్ధాంతంగా ప్రకటించాడు. పరీక్షకులకి ఆ వ్యాసం రుచించలేదు. ఏదో పాసయ్యాడనిపించే తరగతి ఇచ్చి పంపించారు. ఆ తరగతితో స్వదేశంలో అధ్యాపక పదవి దొరకడం కష్టం. అందుకని తన వ్యాసం ప్రతులను విదేశాలలోని పెద్దలకి పోస్టు చేశాడు. చదువుని నమ్ముకుని పరాయి దేశాలకి ఉత్తరాలు రాసిన మనలో చాలామందికి ఆ ఆత్రం ఎలాంటిదో తెలుసు.

ఆ ప్రతులలో ఒకటి రీగాలో ఉన్న విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్‌కి చేరింది. ఆయన తరవాత సరదాగా చెప్పుకున్నాడు, ఒకే రోజున తనకు మూడు దక్కాయని: పంటి నొప్పి, ఆడపిల్ల, అర్హీనియస్ వ్యాసం. అన్నింటికంటె వ్యాసమే ఎక్కువ ఇబ్బంది పెట్టిందట. ఆ వేసవిలోనే ఆయన పడవెక్కి ఉప్సాలా వెళ్ళి ఆ కుర్రవాడిని కలుసుకున్నాడు. ఎందుకంత తొందర అంటే, ఆస్ట్‌వాల్డ్ దగ్గర అప్పటికే ఒక చిక్కుముడి ఉంది. చెరుకు పంచదారని విడగొట్టడంలో ఏ ఆమ్లం ఎంత చురుకో ఆయన కొలిచి పెట్టుకున్నాడు. అర్హీనియస్ చెప్పినట్టు అవే ఆమ్లాలలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచి చూస్తే, రెండు పట్టికలూ ఒకే వరసలో వచ్చాయి. చురుకైన ఆమ్లమంటే అయానులుగా విడిపోయిన ఆమ్లమే.

ఇప్పుడు మన రెండు గ్లాసులకి వద్దాం. లీటరుకి పదో వంతు మోలు చొప్పున కలిపితే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు అంతా విడిపోతుంది. ఎసెటిక్ ఆమ్లంలో వెయ్యి అణువులలో సుమారు 13 మాత్రమే విడిపోతాయి. మిగిలిన 987 హైడ్రోజన్‌ని కొంగున కట్టుకుని కూచుంటాయి. మొదటివాడిది మొత్తం చేతిలో ఉన్న డబ్బు. రెండోవాడిది చాలావరకు బ్యాంకులో ఉన్న డబ్బు. క్షారం వచ్చి చేతిలో ఉన్నది తీసేసుకుంటూ పోతే రెండోవాడు బ్యాంకు నుంచి తెచ్చి ఇస్తూనే ఉంటాడు. అందుకే చివరికి లెక్క సమానంగా తేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆమ్లం బలం వేరు, దాని చిక్కదనం వేరు. మజ్జిగలో ఎన్ని నీళ్ళు పోశామన్నది చిక్కదనం. అణువు విడిపోయే గుణం ఎంతన్నది బలం. చిక్కటి బలహీన ఆమ్లం ఉంటుంది, పలచటి బలమైన ఆమ్లమూ ఉంటుంది. పైగా బలహీన ఆమ్లాన్ని పలచన చేసినకొద్దీ దానిలో విడిపోయే భాగం పెరుగుతుంది. పైన చెప్పిన ఎసెటిక్ ఆమ్లాన్ని వంద రెట్లు పలచన చేస్తే వెయ్యికి 13 కాస్తా 120 పైచిలుకు అవుతాయి. ఆస్ట్‌వాల్డ్ 1888లో దీనికి సూత్రం కట్టాడు. ప్రతి బలహీన ఆమ్లానికీ పలచదనంతో మారని ఒక స్థిరాంకం ఉందని చూపించి, రెండు వందలకు పైగా ఆమ్లాలకి దాన్ని కొలిచాడు. అర్హీనియస్‌కి 1903లో, ఆస్ట్‌వాల్డ్‌కి 1909లో నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఎంత విడిపోతుందో కొలిచారు సరే, ఎందుకు అన్ని మాత్రమే విడిపోతాయి? 1923లో కోపెన్‌హాగెన్‌లో బ్రాన్‌స్టెడ్, కేంబ్రిడ్జిలో లౌరీ విడివిడిగా ఒకే మాట చెప్పారు. హైడ్రోజన్ అయాను అంటే వట్టి ప్రోటాను. అది నీళ్ళలో ఒంటరిగా బతకదు, ఎవరో ఒకరు దాన్ని అందుకోవాలి. ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. దానం అంటే దాత ఒక్కడి గుణం కాదు కదా, పుచ్చుకునేవాడూ ఉండాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కర్ణుడి లాంటి దాత. ఇచ్చాక మిగిలిన క్లోరైడు ఆ ప్రోటానుని మళ్ళీ కన్నెత్తి చూడదు. ఎసెటిక్ ఆమ్లం ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ వెనక్కి గుంజుకుంటుంది. ఆమ్లం ఎంత బలమైనదైతే అది వదిలిన శేషం అంత బలహీనమైన క్షారం. నీరు మాత్రం రెండు పాత్రలూ వేస్తుంది: ఆమ్లం ఎదురైతే పుచ్చుకుంటుంది, అమోనియా ఎదురైతే ఇస్తుంది.

కాబట్టి అసలు ప్రశ్న, ప్రోటాను వెళ్ళిపోయాక మిగిలిన శేషం తన మీద పడ్డ ఋణావేశాన్ని ఎంత సుఖంగా మొయ్యగలదు అని. దీనికి మూడు నాలుగు ఉదాహరణలు చాలు.

ఆల్కహాలులోనూ హైడ్రోజన్ ఆక్సిజన్‌కే అంటుకుని ఉంటుంది, ఎసెటిక్ ఆమ్లంలోనూ అంతే. కాని రెండోది మొదటిదానికంటె సుమారు పదివేల కోట్ల రెట్లు బలమైనది. పక్కన ఇంకో ఆక్సిజన్ ఉండడమే కారణం. ప్రోటాను పోయాక ఆవేశం రెండు ఆక్సిజన్ల మీదా సమానంగా పరుచుకుంటుంది. ఒక చేత్తో మోసే బరువుని కావడిలో రెండు వైపులా వేసుకున్నట్టు. ఇంకా దగ్గరలో ఎలక్ట్రానులను తనవైపు లాక్కునే క్లోరిన్ చేరితే భారం మరింత తగ్గుతుంది. ఒక క్లోరిన్ చేరిన ఎసెటిక్ ఆమ్లం మామూలు దానికంటె దాదాపు 80 రెట్లు బలమైనది. మూడు చేరితే అది బలమైన ఆమ్లాల పంక్తిలో కూచోవచ్చు.

క్లోరిన్ ఆమ్లాల వరస చూస్తే పాపం లవోసియే గుర్తుకు వస్తాడు. బ్లీచింగ్ ద్రావకంలోంచి వచ్చే హైపోక్లోరస్ ఆమ్లంలో ఆక్సిజన్ ఒకటే, అది చాలా నీరసమైన ఆమ్లం. ఆక్సిజన్లు రెండైతే బలం పెరుగుతుంది, మూడైతే ఇంకా, నాలుగున్న పెర్‌క్లోరిక్ ఆమ్లం మనకు తెలిసిన బలశాలి ఆమ్లాలలో ఒకటి. ఆక్సిజన్ ఆమ్లాన్ని పుట్టించకపోయినా, ఉన్న ఆమ్లానికి బలం పోస్తుంది. ఆమ్లజని అన్న పేరు మరీ వృథా పోలేదు.

ఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడు హైడ్రోజన్లున్నాయి. మొదటిది తేలిగ్గా పోతుంది, రెండోది కష్టంగా, మూడోది మరీ కష్టంగా. ఒకసారి ఋణావేశం ఎక్కిన అణువు నుంచి ధనావేశం గల ప్రోటానుని ఊడదియ్యడం ఎవరికైనా కష్టమే. ఒక్కో మెట్టుకీ సుమారు లక్ష రెట్లు తేడా. ఆ రెండో మెట్టు సరిగ్గా మన ఒంట్లోని ఆమ్ల స్థాయి దగ్గరే ఉండడం వల్ల కణాలలోనూ మూత్రంలోనూ ఫాస్ఫేటు ఆమ్లాన్ని అదుపు చేసే పని చేస్తుంది. శరీరంలో ఆ ఫాస్ఫేటుని కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఫ్లోరిన్ క్లోరిన్‌కి అన్నగారు, ఎలక్ట్రానుల మీద ఆశ ఇంకా ఎక్కువ. ఆ లెక్కన ఇది మరింత బలంగా ఉండాలి. కాని ఇది బలహీన ఆమ్లం. హైడ్రోజన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య ముడి అంత గట్టిది. బలహీనం అన్నారు కదా అని దీని జోలికి వెళ్ళకూడదు. విడిపోని అణువుకి ఆవేశం ఉండదు కనుక అది చర్మంలో నుంచి నేరుగా లోపలికి దిగిపోతుంది. లోపల ఫ్లోరైడు కాల్షియాన్ని పట్టేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె ఆగిపోవచ్చు. పలచటి ద్రావకమైతే మొదట నొప్పి కూడా తెలియదు, కొన్ని గంటల తరవాత మొదలవుతుంది. తుప్పు మరకలు పోగొట్టే కొన్ని ద్రావకాలలో ఇది ఉంటుంది. గరాజులో అలాంటి సీసాలుంటే లేబుళ్ళు చదవండి. ఒంటి మీద పడితే ఎడతెరిపి లేకుండా నీళ్ళతో కడిగి, సీసాతో సహా ఆస్పత్రికి వెళ్ళండి. కాల్షియం గ్లూకొనేట్ దీనికి విరుగుడు.

క్షారాల బలాబలాలూ ఇదే తర్కం. సున్నం నీళ్ళలో కరిగేది తక్కువే, కాని కరిగినంత మేరా పూర్తిగా విడిపోయే బలమైన క్షారం. తాంబూలానికి వాడే సున్నం పొట్లం పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడడం మన దేశంలో కంటి వైద్యులు తరచు చూసే ప్రమాదం. క్షారం కంట్లో ఆమ్లం కంటె లోతుగా దిగుతుంది. వెంటనే నీళ్ళతో కడగడమే మొదటి వైద్యం. డాక్టరు వచ్చేదాకా ఆగకూడదు.

అమోనియా బలహీన క్షారం. నత్రజని దగ్గర విడిగా ఉన్న ఎలక్ట్రాను జంట ప్రోటానుని అందుకుంటుంది కాని గట్టిగా పట్టుకోదు. మత్తు మందులలో చాలా భాగం ఈ జాతివే. ఆస్ట్‌వాల్డ్ పంటి నొప్పి పడిన 1884లోనే, కొద్ది నెలల తరవాత, వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కన్నుకి స్పర్శ లేకుండా చెయ్యవచ్చునని చూపించాడు. ఇప్పుడు దంతవైద్యులు వాడే లిడొకెయిన్ కూడా బలహీన క్షారమే. ప్రోటాను పుచ్చుకోని అణువే నరం తొడుగు దాటి లోపలికి వెళ్ళగలదు. మామూలు కండలో నూటికి పాతిక అణువుల దాకా అలా ఉంటాయి. చీము పట్టిన పంటి చుట్టూ ఆమ్లం పెరిగి, అవి నూటికి రెండు మూడుకి పడిపోవచ్చు. చీము పట్టిన పన్నుకి ఇంజెక్షను సరిగా పనిచెయ్యకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

చివరగా కోపెన్‌హాగెన్ కథ. ఆ ఊరికీ ఆమ్లాలకీ పాత సంబంధం. బీరు కంపెనీ స్థాపించిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1909లో సోరెన్‌సెన్ పీహెచ్ కొలబద్ద తయారుచేశాడు. దానిలో ఒక్క మెట్టు దిగితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. అమెరికాలో హెండర్సన్ 1908లో రక్తంలోని కార్బానిక్ ఆమ్లానికి కట్టిన లెక్కని, 1916లో కోపెన్‌హాగెన్‌వాడే అయిన హాసెల్‌బాల్క్ పీహెచ్ భాషలోకి మార్చాడు. వైద్య విద్యార్థులందరూ తిట్టుకుంటూ బట్టీపట్టే సూత్రం అదే. సారాంశం మాత్రం సులువు. మనం తిన్నదంతా ఒంట్లో కాలి బొగ్గుపులుసు గాలి అవుతుంది. అది నీళ్ళలో కలిసి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. అది బలహీన ఆమ్లం కాబట్టే, దాని శేషమైన బైకార్బొనేటు ప్రోటానులను వెనక్కి పుచ్చుకుంటూ రక్తాన్ని 7.4 దగ్గర నిలబెడుతుంది. రక్తం పీహెచ్ బైకార్బొనేటు ఒక్కదాని మీద ఆధారపడదు. బైకార్బొనేటుకీ, కరిగిన గాలికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. మామూలుగా అది 20కి 1.

1952 వేసవిలో ఆ ఊరిని పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఐరన్ లంగ్ ఒక్కటే ఉంది, ఛాతీకి తొడిగే చిన్న శ్వాసయంత్రాలు ఆరు ఉన్నాయి. ఊపిరి కండరాలు పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది మూడు రోజులలోపే చనిపోయారు. పోయినవాళ్ళ రక్తంలో బైకార్బొనేటు బాగా పెరిగి ఉంది. అప్పుడు మామూలుగా కొలిచేది అదొక్కటే. క్షారం పెరిగింది కదా, రక్తం క్షారమయమై ఏదో అంతుపట్టని జబ్బు చేసిందని వైద్యులు అనుకున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ని సలహాకి పిలిస్తే ఆయన కాగితాలు చూసి తిరగేసి చెప్పాడు. వీళ్ళు ఊపిరి వదలలేకపోతున్నారు. లోపల గాలి పేరుకుపోయి ఆమ్లం పెరిగింది, బైకార్బొనేటు దాని వెంట పెరిగింది. చనిపోతున్నది ఆమ్లం వల్ల. ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రుప్ పీహెచ్ కొలిచి చూస్తే ఇబ్సెన్ మాటే నిజమని తేలింది.

ఆగస్టు 27న, చావుకి దగ్గరపడిన పన్నెండేళ్ళ అమ్మాయికి ఇబ్సెన్ గొంతుకి రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. గాలి బయటికి పోయింది, ఆమ్లం తగ్గింది, పిల్ల తేరుకుంది. ఆ తరవాత సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు మంచాల పక్కన కూచుని సంచులు నొక్కారు. ఒక్కోసారి డెబ్బై మంది రోగులు ఒకేసారి ఆ చేతుల మీద బతికారు. నూటికి ఎనభై దాటిన మరణాలు నలభైకి, ఆ తరవాత ఇంకా కిందికి దిగాయి. ఇప్పుడు ప్రతి పెద్ద ఆస్పత్రిలోనూ ఉన్న ఇంటెన్సివ్ కేర్ వార్డులకి నాంది అదే. ఊపిరాడని రోగి ధమని నుంచి రక్తం తీసి పీహెచ్ చూడకుండా ఇప్పుడు ఏ వైద్యుడూ ముందుకు వెళ్ళడు.

హైస్కూలులో కెమిస్ట్రీ చదివే మన పిల్లలు బలమైన ఆమ్లాల పట్టిక బట్టీపడుతుంటే, పక్కన కూచోపెట్టుకుని మూడు ప్రశ్నలు అడగమని నా మనవి. ఆమ్లం ఎంత ఉంది? అందులో ఎంత విడిపోయింది? విడిపోయిన ప్రోటానుని పుచ్చుకునేది ఎవరు? 1952లో ఆ వైద్యుల దగ్గర మొదటిదానికి జవాబు సగమే ఉంది, మిగిలిన రెండూ ఎవరూ అడగలేదు. వంటింట్లో పసుపు నీళ్ళలో కాస్త బేకింగ్ సోడా వేసి ఎర్రబడడం, దానిలో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చ కావడం చూపించండి. ఖర్చు లేని ప్రయోగం. బట్టల మీద మాత్రం పడనివ్వకండి, ఆ మరక ఏ ఆమ్లానికీ పోదు.